అనార్ కిస్తు

నాగేందర్ ఫోన్లో అన్న మాట "అనార్కిస్టులు". బాల్‌రాజ్ చెవిన పడిన మాట "అనార్ కిస్తులు". ఆ రెండింటి నడుమ ఉన్నవి ఒక కిటికీ, ఒక నీళ్ల మోటారు, ఇరవై ఏళ్ల చెవుడు.

చెవుడంటే నిండు చెవుడు కాదు. ద్రాక్షతోటల కాలంలో ఆయిల్ ఇంజన్ల పక్కన, గులాబీల కాలంలో మందు కొట్టే మోటారు పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవి రాజీనామా ఇచ్చింది. కుడి చెవి తనకు బుద్ధి పుట్టినప్పుడు డ్యూటీకి వస్తుంది. దీనిమీద ఎవరైనా నవ్వబోతే వాళ్లకంటే ముందు బాల్‌రాజే నవ్వేవాడు. "చేవెళ్లల పుట్టిన. చెవి వెళ్లకుంటె ఊరి పేరు పోదా? నా పెండ్లాందేమో మొయినాబాద్. 'మొయ్యి నా బాధ' అని ముందుగాల్నే చెప్పి వచ్చింది."

ఆ పూట ఆయన ఆఫీసు గోడ పక్కనున్న నల్లా దగ్గర బిందె నింపుతున్నాడు. సమ్మెకు అది నాలుగో రోజు. గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్న నలభై ఒక్క మందికీ ఆ నల్లానే దిక్కు. ఎవరి మీద సమ్మె చేస్తున్నారో వాళ్ల నీళ్లే తాగవలసి రావడం చిత్రమే గానీ, చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయి ఆ తోటలోని వెయ్యి అడుగుల బోరొక్కటే బతికి ఉంది. సమ్మెకూ దప్పికవుతుంది కదా!

కిటికీలోంచి మేనేజర్ నాగేందర్ గొంతు వినబడుతోంది. "అవ్ సార్... జెండా లేదు, లీడర్ లేడు... మీరన్నదే సార్, అందరు అనార్కిస్టులే... లిస్టు రాస్త, సంతకాలు పెట్టిస్త..."

ఈ వైపు దానిమ్మను అనార్ అంటారు. కిస్తు అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు; తెలియనివాడు పుణ్యాత్ముడు. బాల్‌రాజ్ తల తిప్పి చూశాడు. గోడ వెంట నల్ల కవర్లలో మూడు వందల దానిమ్మ మొక్కలు. నిన్ననే డీసీఎం వ్యాను వచ్చి దించిపోయింది. అవి ఓనరు సారు కట్టించుకుంటున్న కొత్త బంగళా చుట్టూ నాటడానికి వచ్చాయని ఆయనకు తెలియదు. తెలిసిందల్లా, పోయినేడు ఎంకపల్లిలో జామ మొక్కలు పంచినప్పుడు గుంతలు తీసినాక సగం, నాటినవి బతికినాక సగం, కిస్తుల మీదే ఇచ్చారని.

బిందె నల్లా కిందే వదిలేసి గేటు వైపు ఉరికాడు.

అది రెండు వేల ఏడు ఎండాకాలం. మాదాపూర్‌లో బూమ్ అన్నారు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా మాత్రం బూమ్ వచ్చింది, భూమి పోయింది. మోకిలలో ప్లాట్లు లేచాయి, ప్రొద్దుటూరు దారిలో ప్రహరీలు లేచాయి. ఫామ్ పోయి హౌసు మిగిలితే దానికి ఫామ్‌హౌసని పేరు పెట్టారు. నాగేందర్ తండ్రి తన ఇరవై రెండు ఎకరాలను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్న ఒక సారుకు రాసిచ్చాడు. సారు అందులో ఆరు పాలీహౌసులు వేయించి, నాగేందర్‌ను మేనేజరుగా పెట్టుకున్నాడు. తాత దున్నించిన పొలంలోనే మనవడు జీతగాడయ్యాడన్నమాట. కాకపోతే మెడలో కార్డు వేలాడుతుంది కాబట్టి జీతగాడు అనకూడదు, స్టాఫ్ అనాలి.

పాలీహౌసంటే ప్లాస్టిక్ కప్పు వేసిన పెద్ద షెడ్డు. లోపల గులాబీలు, జర్బెరాలు. కూలీలు దాన్ని 'మా పాలిటి హౌసు' అనేవారు, మధ్యలో రావలసిన యముణ్ని మర్యాదకు మింగేసి. గులాబీలు కోసేవాళ్లు గులాములని, రోజాలు కోసేది రోజు కూలీకని, జర్బెరా అంటే 'జర బేరం' ఆడినా పెరగని కూలి అని బాల్‌రాజ్ పనికట్టుకుని చెప్పేవాడు. ఆడవాళ్లు నవ్వేవారు. నవ్వుతూ కోసేవారు. ఎండలో నవ్వడానికి కూడా కొంత నీరు కావాలి.

ఎండలు మునుపటివి కావు. రోహిణి కార్తెలో రావలసినవి మార్చిలోనే వచ్చి కూర్చుంటున్నాయి. పట్నం నుంచి వచ్చిన ఒక ఆఫీసరు దాన్ని గ్లోబల్ వార్మింగ్ అన్నాడు. బాల్‌రాజ్ గ్లోబల్ వార్నింగ్ అని విన్నాడు. జన్మలో ఆయన చెవి సరిగ్గా విన్నది ఆ ఒక్కసారే కావచ్చు.

వార్నింగ్ అయిపోయింది. మే నెల రెండో వారంలో మూడో షెడ్డులో పద్మమ్మ కోస్తూ కోస్తూ వరుసలోనే కూలిపోయింది. బయట నలభై నాలుగు డిగ్రీలు. లోపల ఎంతో చూపించే మీటరు ఉంది గానీ అది పూల కోసం పెట్టింది. ముందు ఆమె చేతిలోని పూలను కోల్డ్‌రూముకు పంపి, తర్వాత ఆమెను ఆటోలో దవాఖానకు పంపారు. ఆ క్రమాన్ని తప్పు పట్టలేం. కోల్డ్‌రూము దగ్గర, దవాఖాన దూరం. పద్మమ్మ దారిలోనే పోయింది.

పక్క వరుసలో కోస్తున్నది గోపమ్మ, బాల్‌రాజ్ భార్య. ఆ నెలలో ఆమె కూడా రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. "మూడోసారి పడితే లేవది, నడి ఎండల షెడ్డుకు పంపకు" అని డాక్టరు చెప్పాడు. పని మానిపిద్దామంటే వేరే పని చేయడానికి పొలమంటూ ఏదీ మిగల్లేదు. సమ్మె అడిగింది ఒక్కటే: పన్నెండు నుంచి మూడున్నర దాకా షెడ్డు బయట ఉండనివ్వాలి. కూలి పెంచమనలేదు, కుర్చీ వేయమనలేదు. బాల్‌రాజ్‌కు ఆ మూడున్నర గంటలంటే గోపమ్మే. దొరికితే ఆమె ఉంటుంది, దొరక్కపోతే పద్మమ్మ దారి పడుతుంది. ఇందులో తప్పు వినడానికి ఏమీ లేదు, ఆయన కళ్లతోనే చూశాడు.

సమ్మెకు నాయకుడు లేడు. ఎవరూ ఆలోచించి తీసేసింది కాదు, అసలు పెట్టనేలేదు. ఈ ఊళ్లలో 'బదులు' అని ఒక పద్ధతి ఉంది. ఇవాళ నీ నాట్లకు మేమొస్తాం, రేపు మా కలుపుకు నువ్వు రావాలి. మేస్త్రి ఉండడు, పటేలు ఉండడు, రాసుకునేవాడు ఉండడు. నలుగురూ కూర్చుని ఎవరి చేను ముందో తేల్చుకుంటారు. పద్మమ్మను పూడ్చి వచ్చిన రోజు గోపమ్మ అన్నది ఇంతే: "బదులుకు పోయినట్టు పోదాం. రోజుకొకరు మాట్లాడుదురు. పోతే అందరం పోదాం, ఉంటే అందరం ఉందాం."

నాగేందర్‌కు ఇదే మింగుడు పడలేదు. నాయకుడుంటే కొనవచ్చు, కొట్టవచ్చు, కనీసం తిట్టవచ్చు. మొదటి రోజే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "మీ లీడర్ ఎవరో చెప్పుండ్రి. బదులు చెప్పరేంది?"

"బదులే మా లీడర్" అన్నది గోపమ్మ.

రెండో రోజు బాల్‌రాజ్‌ను పక్కకు పిలిచాడు. "అన్నా, నువ్వు లీడర్‌వని ఒప్పుకో. సారుకు చెప్పి నిన్ను షెడ్ ఇన్‌చార్జిని చేపిస్త."

"లీటరా? లీటర్ ఏం సరిపోతది పటేలా, నలభై ఒక్క మందిమి! బిందె ఇప్పియ్యి."

అట్లా లంచం ఇవ్వబోయిన నాగేందర్ బిందె ఇవ్వవలసి వచ్చింది. ఆ సంగతి చెప్పుకుని వేపచెట్టు కింద పొట్టలు పట్టుకుని నవ్వారు. చెవిటివాణ్ని కొనడం బ్రహ్మతరం కూడా కాదన్నారు. ఆ చెవుడే రెండు రోజుల తర్వాత వాళ్లందరినీ ఉచితంగా అమ్మేస్తుందని ఎవరికి తెలుసు?

"సారు మొక్కలిస్తుండు!" బాల్‌రాజ్ ఎగపోస్తూ వచ్చి చెప్పాడు. "అనార్ కిస్తు! అందరికి! లిస్టు రాస్తున్నరు, సంతకం వెట్టినోళ్లకు ఇస్తరంట. నా చెవులార విన్న."

"నీ చెవులారనా?" అన్నది గోపమ్మ. "ఉన్నదొక్కటి, అదీ ఆరిపోయిందాయె."

"మొక్కలు కండ్లతోని జూసిన గదనే! గోడ పొంటి మూడు నూర్లున్నయి."

"ఉన్న మామిడిచెట్లన్ని కొట్టించి షెడ్లేసినోడు మనకు చెట్లిస్తడా? పిచ్చి గిట్ల లేచిందా ఆయనకు?"

శాంతమ్మ మధ్యలో దూరింది. ఆమెకు గుట్ట పక్కన అరెకరం రాతి నేల ఉంది, మంచంలో అత్త ఉంది. "భయపడ్డడు అక్కా. పద్మమ్మ ఉసురు తాకింది. మొక్కలిచ్చి మంచి చేసుకుందామనుకుంటుండు. అనార్‌కు నీళ్లు తక్కువనే పడతయట."

"మొక్కలు తీస్కుందాం, సమ్మె ఇడవద్దు" అన్నాడు నర్సింహ. ఆయన డ్రిప్పు పైపులు చూసేవాడు. "మొక్కకు మొక్కనే, మూడున్నర గంటలకు మూడున్నర గంటలే."

చాలాసేపు మాట్లాడుకున్నారు. నాలుగు రోజుల పస్తులకు ఆశ తొందరగా ఎక్కుతుంది, ఖాళీ కడుపున కల్లులాగా. చివరికి నలభై మంది ఒకవైపు, గోపమ్మ ఒకవైపు అయ్యారు.

"నాకైతె నమ్మకం లేదు" అన్నది గోపమ్మ లేస్తూ. "కాని అందరు పోయిన తొవ్వల నేనొక్కదాన్ని నిలబడితె అది బదులెట్లయితది? పదండ్రి."

అప్పుడే నాగేందర్ గేటు దాటి వచ్చాడు, చేతిలో అట్ట, దానికి క్లిప్పు, క్లిప్పులో తెల్లకాగితాలు. ఆయన వెనక అరుణశ్రీ, తోట ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల, ఇంకుప్యాడు పట్టుకుని వస్తోంది. సంతకాలు ఎట్లా రాబట్టాలా అని నాగేందర్ దారి పొడుగునా పళ్లు నూరుకున్నాడు. హాజరు పట్టీలో పేర్లున్నా, సమ్మె నాదని నాలుగు రోజులుగా ఒక్కరూ ఒప్పుకోలేదు మరి. అనార్కిస్టు అనే మాట సారు చెబితే తిరిగి అన్నాడే గానీ దాని అర్థం ఆయనకూ తెలియదు. నక్సలైటుకు చిన్న తమ్ముడు కాబోలని అనుకున్నాడు.

"పటేలా," అని నర్సింహే ఎదురు వెళ్లాడు, "గిది అనార్ కిస్తు లిస్టేనా?"

నాగేందర్ నోరు తెరిచాడు. "మీకెట్ల తెలిసింది?"

"అంత తెలిసింది. రాసుకో. నర్సింహ, తండ్రి ఎంకయ్య."

"నువ్వు... అనార్కిస్టేనా?"

"నేనొక్కన్నేనా? మా ఇంటిల్లిపాదికి రాయి!"

సంతకం సంత అయింది. వేలిముద్రలకు వేలంపాట మొదలైంది. నా పేరు ముందంటే నా పేరు ముందన్నారు. శాంతమ్మ తన పేరు వేయించి, "మా అత్తమ్మది గూడ రాయి పటేలా, మంచంలున్నది గాని ఆమెకు మస్తు ఇష్టం" అన్నది. ఇంకొకామె చంకలోని మూడు నెలల పిల్లను ముందుకు చాపి, "అక్షయ అని రాయుండ్రి, దీని పాలు దీనికి రావాలె" అని, ఆ చిన్న బొటనవేలును ఇంకులో ముంచింది. నాగేందర్ ఇంకో కాగితం తీశాడు. నలభై ఒక్క మంది అనుకుంటే అరవై మూడు పేర్లు తేలాయి. పసిపిల్లలు కూడా ఉన్నారంటే ఇది ఎంత లోతుకు పోయిందో!

అరుణశ్రీ ఇంకుప్యాడు చాపుతూ గోపమ్మ ముందు ఒక్క క్షణం ఆగింది. "అవ్వా, ఇది ఏం లిస్టో తెలుసా మీకు?"

"అనార్ కిస్తుది. గాయన చెప్పిండు గద."

ఆ పిల్లకు ఆ మాట అనార్కిస్టు లాగే వినిపించింది. ఇంత తెలివిగా, ఇంత ధైర్యంగా ఒప్పుకున్నారే అని గుండె నిండి, మరేమీ అడగకుండా ప్యాడు ముందుకు జరిపింది. గోపమ్మ అందరికంటే చివర వేలిముద్ర వేసింది.

మర్నాడు పదకొండింటికి జీపు వచ్చింది. అప్పటికే వేపచెట్టు కింద పండగలా ఉంది. కొందరు తెల్లారకముందే గుంతలు తీసి, గడ్డపారలతో అటు నుంచి అటే వచ్చారు. కొందరు గంపలు తెచ్చారు. జీపులోంచి ఎస్సై దిగితే, "సర్కారోళ్లే పంచుతున్నరు రా" అని బాల్‌రాజ్ అందరినీ వరుసలో నిలబెట్టాడు.

ఎస్సై కాగితం విప్పాడు. "నర్సింహ!"

"ఉన్న సార్."

"నువ్వు అనార్కిస్టువని సంతకం పెట్టినవా?"

"పెట్టిన సార్. నాకు పది చాలు."

"పదేంది?"

"మొక్కలు."

ఎస్సై నర్సింహ వైపు అనుమానంగా చూసి తర్వాతి పేరు చదివాడు. "అక్షయ!" తల్లి పిల్లను పైకెత్తి చూపించింది. పిల్ల ఎస్సై టోపీని చూసి బోసినోటితో నవ్వింది. ఎస్సై ఇంకో పేరు చదివాడు. "ఆమె రాలేదు సార్, మా అత్త, కాళ్లు పడిపోయినయి" అన్నది శాంతమ్మ.

ఎస్సై కాగితం మడిచాడు. "నవ్వొస్తున్నది గాని నవ్వితె నౌకరి పోతది. ఈ లిస్టు పెద్దాఫీసులకు ఫ్యాక్స్ అయింది. సర్కారును, చట్టాన్ని కాదనేటోళ్లమని మీరే వేలిముద్ర లేసి ఇచ్చిండ్రు. నేను ఎఫ్ఐఆర్ చెయ్యాల్నా వద్దా?"

"ఫికర్ ఎందుకు చేస్తవు సార్..." అనబోయాడు బాల్‌రాజ్. గోపమ్మ ఆయన చెయ్యి పట్టి ఆపింది.

"సారు," అన్నది ఆమె, "గా మాటకు అర్థమేంది?"

ఎస్సై నాగేందర్ వైపు చూశాడు. నాగేందర్ అరుణశ్రీ వైపు చూశాడు. అరుణశ్రీ ఎవరి వైపూ చూడలేదు. నిన్న లిస్టు టైపు చేశాక, తనకు తెలిసిన అర్థం సరైనదో కాదో డిక్షనరీ తిరగేసి చూసుకున్న పిల్ల అది.

"పైన ఒకడుండి నడిపియ్యొద్దు అనేటోళ్లు అవ్వా" అన్నది నెమ్మదిగా. "సేటు గాని, పటేలు గాని, సర్కారు గాని. పని చేసేటోళ్లే కూసొని మాట్లాడుకుని, ఒకరికొకరు ఆసరయి, పని చక్కబెట్టుకోవాలె అంటరు. వాళ్లను అనార్కిస్టులు అంటరు."

శాంతమ్మ చేతిలోని గంప కింద దించింది.

"గంతేనా?" అన్నది శాంతమ్మ. "గది మన బదులే గద."

"మా తాత గూడ చేసిండు" అన్నాడు నర్సింహ. "గది తప్పా సార్?"

"తప్పో ఒప్పో నాకు చెప్పలే. లిస్టు మాత్రం ఇచ్చిండ్రు" అన్నాడు ఎస్సై. నిజానికి ఆయన చెడ్డవాడేం కాదు. చెడ్డవాళ్లు అక్కడి దాకా రానక్కర్లేదు, ఫోన్ ఉంది. "ఓనర్ సారు పెద్ద మనసు చేసుకున్నడు. ఇయ్యాల పన్నెండు గంటలకు ఎవరు షెడ్డుల ఉంటరో వాళ్ల పేరు ఫైలులనే ఉంటది. ఉండనోళ్ల పేరు, వాళ్ల ఇంటోళ్ల పేర్లు జీపెక్కుతయి. మంచంలున్నామె అయినా సరే, చంకల ఉన్నదయినా సరే. నాకు చాయిస్ లేదు."

నాలుగు రోజులు వాళ్లను కాపాడింది ఒక్కటే: పట్టుకోవడానికి ముందుకు వచ్చిన పేరు ఒక్కటీ లేకపోవడం. ఇప్పుడు అరవై మూడు పేర్లు ఉన్నాయి, ఒక్కో పేరు వెనక ఒక్కో మంచం, ఒక్కో ఉయ్యాల. పిల్లను చంకనేసుకున్న తల్లి అందరికంటే ముందు షెడ్డు వైపు కదిలింది. ఎవరినీ అడగలేదు. తర్వాత శాంతమ్మ. తర్వాత నర్సింహ గడ్డపారను చెట్టుకు ఆనించి కదిలాడు. కూర్చుని మాట్లాడుకుందామని ఒక్కరూ అనలేదు. సమ్మె మొదలైనాక ఎవరికి వారు తీర్మానం చేసుకున్నది అదే మొదటిసారి.

ఎస్సై మాటలు బాల్‌రాజ్‌కు సగమే వినబడ్డాయి. అరుణశ్రీ దగ్గరికి వెళ్లి కుడి చెవి చాపాడు. "బిడ్డా, జర మల్ల చెప్పు. మొక్కల మాట ఎక్కడ్నుంచి వచ్చింది మరి?"

ఆ పిల్ల చెప్పింది. ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. అనార్ లేదు, కిస్తు లేదు, రెండూ కలిసి ఒకే ఇంగ్లీషు మాట. బాల్‌రాజ్ పెదవులు కదిలిస్తూ రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఏ మాటనైనా విరిచి నవ్వించే మనిషికి, ఈ మాటను ఎక్కడ విరిచాడో, దాంతో ఇంకేం విరిగిందో అప్పుడు తెలిసింది.

ఆయన అడ్డంగా వెళ్లి మూడో షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలి వేడి పొయ్యి మూత తీసినట్టు మొహానికి కొడుతోంది. ఒక్కొక్కరూ వస్తున్నారు. వచ్చినవాళ్లకు వచ్చినట్టు చెప్పసాగాడు. "నాగేందర్ పటేలు అనార్ కిస్తు అనలే. అనార్కిస్టు అన్నడు. మోటారు నడుస్తుండె. తప్పు విన్నది నేను. మొక్కలు లేవు, కిస్తు లేదు. మీరు నమ్మింది నా మాట." కొందరు "సరే అన్న" అన్నారు. కొందరు తలలు వంచుకుని గ్లవుజులు తొడుక్కున్నారు. నర్సింహ, "నేను గూడ వింటే గట్లనే వినేటోన్ని తియ్యి" అన్నాడు. తిట్టేవాళ్లు ఎవరైనా వస్తారేమోనని బాల్‌రాజ్ ఎదురుచూశాడు. ఒక్కరూ రాలేదు.

గోపమ్మ తలకు తడిగుడ్డ చుట్టుకుని వచ్చింది. ఆయన మొదలుపెట్టాడు. "నాగేందర్ పటేలు అనార్ కిస్తు..."

"నాకు తెలిసింది తియ్యి" అన్నది. "జరుగు."

ఆయన జరగలేదు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా పక్కకు తప్పించి, లోపలికి పోయింది. పన్నెండు కావస్తోంది, డాక్టరు పంపవద్దన్న నడి ఎండ మొదలవుతోంది. జీపు వచ్చినప్పుడు అక్కడ లేని కోల్డ్‌రూము ఆడవాళ్లిద్దరు ఆమె వెనకాల వస్తూ, ఏమైందన్నా, మొక్కలెప్పుడిస్తరట అని అడిగారు. బాల్‌రాజ్ వాళ్లకు కూడా మొదటినుంచీ చెప్పాడు.